పెరటి పిల్లికి పచ్చగడ్డి



పులి ఎంత ఆకలిగొన్నా గడ్డి మేయదని మన పెద్దలొక సామెత చెప్పిపోయారు. పౌరుషం గలవాడు కష్టం వచ్చినా తక్కువ పనికి దిగడని దాని భావం. భావం మంచిదే. కాని అడవుల్లో పనిచేసే వారిని అడిగి చూడండి, పులి మలంలో అప్పుడప్పుడు గడ్డిపరకలు కనిపిస్తూ ఉంటాయని చెబుతారు. పులి మాట అటుంచి, ఆ జాతికే చెందిన మన పెరటి పిల్లిని ఒక వారం రోజులు గమనించండి. తెల్లవారగానే గట్టు మీదికి పోయి, తల ఒక పక్కకు వంచి, గరిక పరకను పక్కపళ్ళతో పట్టి పరపర కొరుకుతుంది. ఆ రోజు ఎలుకను తిన్నా సరే, మీరు పాలూ అన్నమూ పెట్టినా సరే, గడ్డి దగ్గరికి పోక మానదు.

ఆ గడ్డిని ఇంటి దగ్గరే, విషం తగలని చోట, మనమే పెంచి పెట్టడం ఎట్లాగన్నదే ఈనాటి ప్రసంగ విషయము. 'పశువులకే మేత చాలక అవస్థ పడుతుంటే పిల్లికి గడ్డి పెంచమంటారా?' అని నవ్వుకోకండి. దీనికి ఎకరాలు అక్కరలేదు. పిడికెడు గోధుమలు, ఒక పగిలిన బాన చాలు. ఎందుకు పెంచాలో ముందు చెప్పి, ఎట్లా పెంచాలో తరువాత చెబుతాను.

పిల్లికీ రైతుకూ ఉన్న సంబంధం నిన్న మొన్నటిది కాదు. మనిషి వేట మాని, ధాన్యం పండించి నిల్వచేయడం మొదలుపెట్టిన రోజుల్లోనే, పశ్చిమాసియా ప్రాంతంలో, ఆ ధాన్యపు కొట్ల చుట్టూ చిట్టెలుకలు చేరాయి. వాటి వెంట అడవి పిల్లులు వచ్చాయి. సైప్రస్ అనే ద్వీపంలో సుమారు 9,500 సంవత్సరాల నాటి సమాధి ఒకటి బయటపడింది. అందులో మనిషి పక్కనే పిల్లిని కూడా పూడ్చిపెట్టారు. పండితులు ఈ సంగతిని 2004లో ప్రకటించారు. ఆ ద్వీపంలో పిల్లులు సహజంగా లేవు. అనగా వ్యవసాయం నేర్చిన జనం పడవల మీద విత్తనాలతోపాటు పిల్లిని కూడా వెంట తీసుకొని పోయారన్నమాట. ఆవును, మేకను మనం పట్టి కట్టివేసి మచ్చిక చేసుకొన్నాము. పిల్లి మాత్రం గాదె చూసుకొని తనంతట తానే వచ్చింది.

అట్లాగని పిల్లి ఉంటే ఎలుకల బాధ పూర్తిగా తీరిపోతుందని నేననను. పెద్ద పందికొక్కు ఎదురు తిరిగితే చాలా పిల్లులు వెనక్కు తగ్గుతాయి. పొలం గట్లలో బొరియలు చేసుకొని ఉండే ఎలుకలను పిల్లి ఒక్కటే అదుపు చేయలేదు. కాని ఇంట్లో, కొట్టులో, గడ్డివామి దగ్గర తిరిగే చిట్టెలుకలను, ఎలుక పిల్లలను అది కనిపెట్టి పడుతుంది. సంచులు కొరికే నష్టంలో కొంతయినా తగ్గిస్తుంది. జీతం అడగదు, రాత్రి కాపలా మానదు. అటువంటి జీవానికి మనం చేయవలసిన చిన్న ఉపకారము ఒకటున్నది.

సరే, మాంసం తినే జంతువు గడ్డి ఎందుకు తింటున్నది? ఆకలికి మాత్రం కాదు. పిల్లి కడుపు గడ్డిని జీర్ణం చేసుకోలేదు. తిన్న పరకలు కొన్నిసార్లు అట్లాగే మలంలో బయటికి వస్తాయి, కొన్నిసార్లు వాంతిలో వస్తాయి. కాబట్టి గడ్డి దానికి ఆహారం కాదు. ఎలుకలు, చేపలు, గుడ్లు, మాంసము, ఇవే దానికి ఆహారం. గడ్డి పెట్టాము గదా అని తిండి తగ్గించకూడదు.

ఒంట్లో నలతగా ఉంటే పిల్లి గడ్డి తిని కక్కుకొంటుందని మన ఇళ్ళలో అనుకొంటారు. ఇందులో ఎంత నిజమున్నదో తెలుసుకొందామని అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ శాఖవారు పిల్లులను పెంచే వెయ్యిమందికి పైగా గృహస్థులను ప్రశ్నించి, 2019లో ఫలితాలు చెప్పారు. నూటికి 71 పిల్లులు తమ జీవితంలో కనీసం ఆరుసార్లయినా గడ్డో ఆకో తింటూ కంటబడ్డాయి. ఎన్నడూ తినగా చూడలేదన్నవి నూటికి 11 మాత్రమే. తినడానికి ముందు నూటికి 90కి పైగా పిల్లులు ఆరోగ్యంగానే కనిపించాయి. తిన్న తరువాత తరచుగా వాంతి చేసుకొనేవి నాలుగింట ఒక వంతు మొదలు మూడింట ఒక వంతు వరకు ఉంటాయి. అంటే జబ్బు చేసినందువల్ల తింటున్నదనీ కాదు, కక్కుకోవడం కోసమే తింటున్నదనీ కాదు. ఇది పుట్టుకతో వచ్చిన అలవాటు.

ఈ అలవాటు ఎందుకు పుట్టిందంటే, ఆ శాస్త్రజ్ఞుల ఊహ ఇది: పూర్వం అడవిలో బ్రతికిన పిల్లి జాతికి కడుపులో పురుగులు ఎప్పుడూ ఉండేవి. నారగల ఆకు లోపలికి పోతే పేగులు చురుకుగా కదిలి, ఆ పురుగులు కొన్ని బయటికి పోయేవి. ఆఫ్రికా అడవుల్లో చింపాంజీలు గరుకైన ఆకులను నమలకుండా మడిచి మింగడం, వాటితోపాటు పురుగులు వెలువడడం పరిశోధకులు చూశారు. ఒళ్ళు నాకినప్పుడు లోపలికి పోయే వెంట్రుకలను బయటికి పంపడానికి గడ్డి తోడ్పడుతుందని మరికొందరు అంటారు. ఏది ఎట్లా ఉన్నా, మనకు కావలసిన సంగతి ఒక్కటే. మీరు వద్దన్నా, కసిరినా, పిల్లి గడ్డి తినక మానదు. మన చేతిలో ఉన్నదల్లా అది ఏ గడ్డి తినాలన్నదే.

ఇక్కడ మా ఇంట జరిగినదొకటి చెప్పవలె. వెనుక దడి పొడుగునా వానలకు కలుపు ఏపుగా పెరిగింది. పీకించే తీరిక లేక, చేనికి తెచ్చిన కలుపు మందు మిగిలి ఉంటే పంపులో పోసి ఒక ఉదయం కొట్టివేశాను. పిల్లలను అటు పోవద్దన్నాను. దూడను కట్టివేశాను. కాని పిల్లి సంగతి తోచలేదు. ఆ దడి వారనే దాని గరిక. మరునాటికి పిల్లి నోట చొంగ కారుతూ, మూలకు చేరి, పాలు ముట్టలేదు. మూడవ రోజున పశువైద్యశాలకు తీసుకొని పోతే డాక్టరుగారు నోరు తెరిచి చూసి, నాలుక మీద పుండ్లున్నాయని, "చుట్టుపక్కల ఏమైనా మందు కొట్టారా?" అని మొట్టమొదట అడిగారు. నాలుగవ రోజు అది పోయింది. మందు వల్లనే పోయిందని నేను పరీక్ష చేయించి తేల్చుకొన్నది లేదు. అయినా ఆ ప్రశ్న ఇంకా నా చెవిలో ఉన్నది. మా అమ్మగారు మాత్రం ఒకటే మాట అన్నారు, "పచ్చగా ఉంది గదా అని తిన్నది, దానికేం తెలుసురా" అని.

ఈ మాటలో చాలా ఉన్నది. కలుపు మందుల్లో కొన్ని ఒకటి రెండు రోజుల్లోనే ఆకును మాడ్చివేస్తాయి. కొన్ని వేరు దాకా పోయి పనిచేసేవి, వాటిని కొట్టిన తరువాత వారం పది రోజులు కూడా గడ్డి పచ్చగానే కనబడుతుంది. కంటికి తేడా తెలియదు. పైగా పిల్లికి విషం రెండు దారుల్లో వెళుతుంది. గడ్డి తినడం ఒక దారి. తడిగా ఉన్న గట్టు మీద నడిచినప్పుడు కాళ్ళకు, ఒంటికి అంటిన మందును నాకి శుభ్రం చేసుకోవడం రెండవ దారి. పారాక్వాట్ వంటి మందు లోపలికి పోతే మనిషికైనా, పిల్లికైనా విరుగుడు లేదు. చేలకు కొట్టే పురుగుమందులు గాలికి గట్టు మీది గరిక మీద కూడా పడతాయని మీకు వేరే చెప్పనక్కరలేదు.

కాబట్టి పిల్లికి ఇంటి దగ్గరే, మందు తగలని పచ్చగడ్డి అందుబాటులో ఉంచవలెను. దగ్గరలో లేతగడ్డి దొరికితే దూరపు గట్టుకు పోయే అవసరం తగ్గుతుంది. పూర్తిగా మానుతుందని హామీ ఇవ్వలేను. తగ్గినా మేలే.

ఏ గడ్డి వెయ్యాలి? గోధుమ, బార్లీ అనబడే యవలు, ఓట్లు, ఈ మూడింటిలో ఏదైనా మంచిదే. పట్టణాల్లో పెంపుడు జంతువుల దుకాణాలలో 'క్యాట్ గ్రాస్' అని అందమైన పొట్లాల్లో అమ్మేది సాధారణంగా వీటి గింజలే. దానికి ఎక్కువ ధర పోయనక్కరలేదు. కిరాణా కొట్టులో తినడానికి అమ్మే ముడి గోధుమలు ఒక వంద గ్రాములు తెచ్చుకొంటే రెండు బానలకు వస్తాయి. అయితే బార్లీ కొనేటప్పుడు చూసుకోండి, జావకు అమ్మే తెల్లని బార్లీ పొట్టు తీసినది, అది మొలవదు. ఓట్లు కూడా అటుకులుగా నొక్కినవి మొలవవు. పొట్టుతో ఉన్న గింజే కావాలి.

ఇక మన నేలలో ఎవరూ వేయకుండానే పెరిగేది గరిక. పిల్లి, కుక్క రెండూ ఇష్టంగా తింటాయి. ఎండకు ఓర్చుకొంటుంది. ఒకసారి అంటుకొంటే ఏళ్ళ తరబడి ఉంటుంది. పొలంలో గరిక మనకు శత్రువు కావచ్చు గాని, పెరట్లో ఒక మూల గజం మేర ఉంటే అదే పిల్లికి శాశ్వతమైన మేత. వేసవిలో గోధుమ నిలవదు కాబట్టి, చలికాలంలో గోధుమ, తక్కిన కాలమంతా గరిక అని పెట్టుకొంటే సంవత్సరం గడిచిపోతుంది.

వెయ్యకూడనివి కూడా చెప్పాలి. జొన్న మాత్రం వెయ్యకండి. లేత జొన్నలో నాము ఉంటుందని, దానిని మేసిన పశువు పొట్ట ఉబ్బి, గిలగిల కొట్టుకొని పడిపోతుందని మీకు అనుభవమే. అది సయనైడు విషము. పిల్లికి దానితో ప్రయోగం ఎందుకు? రెండవది, విత్తనం అని అమ్మే సంచిలోని గింజలు వాడవద్దు. ఎరుపో, ఆకుపచ్చో, నీలమో రంగు పట్టి ఉంటే అది విత్తనశుద్ధి మందు పూసిన గుర్తు. విత్తడానికి అది మంచిదే గాని, మొలకను పిల్లి నోటికి అందించడానికి పనికిరాదు. ఇంట్లో మిగిలిన విత్తనాలే గదా అని కక్కుర్తి పడవద్దు.

ఇక పెంచే పద్ధతి వినండి.

అడుగు వెడల్పున్న బాన గాని, పాత బేసిను గాని, పగిలిన కుండ అడుగు భాగం గాని తీసుకోండి. అడుగున నాలుగైదు రంధ్రాలు ఉండాలి, లేకపోతే నీరు నిలిచి గింజ కుళ్ళిపోతుంది. పాత్ర బరువుగా ఉండడం మంచిది. పిల్లి గడ్డిని కోయదు, పళ్ళతో పట్టి లాగుతుంది. తేలిక డబ్బా అయితే దానితోపాటు దొర్లిపోతుంది.

రంధ్రాల మీద పెంకు ముక్కలు పరిచి, నాలుగు వేళ్ళ మందాన మట్టి పోయండి. సగం ఎర్రమట్టి, సగం బాగా చివికిన పాత పశువుల ఎరువు కలిపి జల్లెడ పట్టితే చాలు. పచ్చి పేడ వేయకండి, వేడికి మొలక మాడుతుంది, ఈగలు ముసురుతాయి. రసాయనిక ఎరువు ఒక్క గింజంత కూడా అవసరం లేదు. మొలకకు కావలసిన బలం మొదటి పది రోజులూ గింజలోనే ఉంటుంది. మందులు కొట్టిన చేని మట్టి కాకుండా, ఇంటి దగ్గరి మట్టి వాడండి.

పిడికెడు గోధుమలు, అంటే సుమారు 50 గ్రాములు, రాత్రి నీళ్ళలో నానవేయండి. తేలిన తాలు గింజలు తీసివేయండి. ఉదయం నీరు వంపి, గింజలను మట్టి మీద ఒత్తుగా, పక్కపక్కన ఉండేటట్లు చల్లండి. పైన పావు అంగుళం మట్టి కప్పి, చేత్తో నీరు చిలకరించండి. దాని మీద తడిపిన గోనె ముక్క పరచండి. పిచ్చుకలు, కోళ్ళు చూశాయా, మొలక మీకు మిగలదు. అందుకని ఒక గంప బోర్లించి, మీద రాయి పెట్టండి. రెండు మూడు రోజుల్లో మొలక తల ఎత్తుతుంది. వెంటనే గోనె తీసి వెలుతురులో పెట్టాలి. ఆలస్యమైతే మొలకలు తెల్లగా సాగి పడిపోతాయి.

నీరు రోజుకొక్కసారి ఉదయం పూట చాలు. వేలు గుచ్చి చూసి, మట్టి ఇంకా తడిగా ఉంటే ఆ పూట మానివేయండి. ఎనిమిది పది రోజులకు గడ్డి బెత్తెడు ఎత్తు వస్తుంది. అప్పుడు గంప పూర్తిగా తీసి పిల్లి తిరిగే చోట పెట్టండి. బలవంతాన నోట్లో పెట్టనక్కరలేదు. దానికి తెలుసు.

ఒక బాన రెండు మూడు వారాలు ఉంటుంది. తరువాత పరకలు ముదిరి పసుపు పచ్చబడతాయి. కాబట్టి మొదటి బాన పిల్లి ముందు పెట్టిన రోజునే రెండవ బానలో గింజలు వెయ్యండి. ఒకటి ముగిసేసరికి మరొకటి అందుతుంది. ముదిరినదాన్ని కోళ్ళకో మేకకో వేస్తే అదీ దండుగ కాదు.

కాలాన్ని బట్టి కొంచెం మార్పు ఉన్నది. కార్తీకం నుంచి మాఘం దాకా గోధుమ దివ్యంగా వస్తుంది. ఎండలు ముదిరాక బానను వేపచెట్టు నీడకో వసారా చూరు క్రిందికో మార్చాలి. అప్పటికీ పలచగానే వస్తుంది. వానకాలంలో బూజు పడుతుంది, అదే పెద్ద చిక్కు. గింజలు కొంచెం పలచగా చల్లి, వాన పడని, గాలి ఆడే చోట పెట్టండి. మొదళ్ళలో తెల్లని గాని నల్లని గాని బూజు కనిపిస్తే, పైన పచ్చగా ఉన్నది గదా అని ఉంచకండి. మట్టితో సహా ఎరువు గుంటలో పారవేసి, బాన కడిగి ఎండబెట్టి, మళ్ళీ వేసుకోండి.

బాన పనులు మనవల్ల కాదనుకొనేవారు నేలలోనే గజం మడి చేసుకోవచ్చు. దడికి, చేనికి దూరంగా, స్నానాల నీరు, సబ్బు నీరు పారని మూల చూసుకొని, గరిక పిలకలు జానెడు ఎడంగా నాటండి. నెల రోజుల్లో అల్లుకొంటుంది. పదిహేను రోజులకొకసారి కొడవలితో పైపైన కోస్తుంటే లేత చిగురు వస్తుంది. కోళ్ళూ మేకలూ రాకుండా చుట్టూ ముళ్ళకంప వేసి, క్రింద పిల్లి దూరేటంత సందు వదలండి.

గడ్డి ఎప్పుడూ లేతగా ఉండేటట్లు చూడమని చెప్పడానికి ఇంకొక కారణమున్నది. ముదురు పరక అంచు గరుకుగా ఉంటుంది. వెన్ను వేసిన గడ్డికి ముళ్ళవంటి మీసాలుంటాయి. ఇటువంటిది అప్పుడప్పుడు గొంతు వెనుక నుంచి ముక్కులోకి ఎక్కి ఇరుక్కొంటుంది. పిల్లి ఆగకుండా తుమ్ముతూ, ఒక ముక్కు నుంచే చీమిడి కారుతూ ఉంటే అది జలుబే అనుకోక డాక్టరుకు చూపించండి. వెన్ను తీయకముందే కోసివేస్తే ఈ బాధ చాలావరకు ఉండదు.

అక్కలకూ అమ్మలకూ ఇంకొక మాట. మెత్తని మట్టి కనిపిస్తే పిల్లి దానిని గడ్డికి కాక మరుగుదొడ్డికి వాడుకొంటుంది. గింజలు వేసిన మర్నాడే తవ్వి పెట్టిందని నాతో మొరపెట్టుకొన్నవారు ఉన్నారు. దీనికి ఉపాయం, గడ్డి ఎదిగేదాకా మడి మీద కంపపుల్లలు అడ్డంగా పరచడం, ఇంకొక మూల కొంచెం ఇసుక పోసి దానికి చోటు చూపడం. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. అది గర్భిణులకు, కడుపులోని బిడ్డకు కీడు చేస్తుంది. గొర్రెలు, మేకలు ఈడ్చుకుపోవడానికి కూడా అదొక కారణం. కాబట్టి గర్భిణులు ఆ మట్టి పని ముట్టుకోకూడదు. తక్కినవారు పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోవలెను. గొర్రెలకూ మేకలకూ పెట్టే దాణా మీద మూత ఉంచండి.

గడ్డి తిని పిల్లి వాంతి చేసుకొంటే కంగారు పడాలా? ఒకసారి కక్కి, అందులో గడ్డి, వెంట్రుకల ఉండ, కొంచెం నురుగు కనిపించి, గడియలో మళ్ళీ మామూలుగా తిరుగుతూ తింటూ ఉంటే భయం లేదు. అదే పనిగా వాంతులైనా, రక్తం పడినా, చొంగ కారినా, ఒళ్ళు వణికినా, కొట్టుకొన్నా, ఒక రోజంతా తిండి ముట్టకపోయినా, వెంటనే పశువైద్యశాలకు తీసుకుపోండి. మందు కొట్టిన డబ్బా ఉంటే దాని పేరు చీటీతో సహా చేత పట్టుకొని పోండి, డాక్టరుకు అది చాలా ఉపయోగం. ఇంట్లో ఉన్న మాత్రలు వేయకండి. మనం జ్వరానికి వేసుకొనే పారాసిటమాల్ మాత్ర ఒక్కటి చాలు పిల్లి ప్రాణం తీయడానికి. గడ్డి తింటున్నది గదా అని పురుగుల మందు మానడం కూడా తప్పే. నులిపురుగుల మందు, కుక్క రోగపు టీకా డాక్టరు చెప్పిన ప్రకారం వేయించవలసినదే.

పెరట్లో పచ్చగా ఉన్నదంతా పిల్లికి మంచిది కాదు. గన్నేరు, ఉమ్మెత్త, దడుల మీద పాకే అడవి నాభి విషపు మొక్కలు. ఉల్లి ఆకు కూడా పిల్లికి పడదు. పట్టణాల్లో కుండీల్లో పెంచే అసలు లిల్లీ మొక్కలు పిల్లి మూత్రపిండాలను పాడుచేసి చంపుతాయి. మన దండల్లో లిల్లీ అని పిలిచే నేల సంపెంగ వేరు, ఇది వేరు. గడ్డి బానను ఈ మొక్కల పక్కన పెట్టకండి. కుప్పింటాకు మొక్క పీకినప్పుడు దాని వేరు వాసనకు పిల్లి వచ్చి దొర్లడం చూసి, అదే పిల్లిగడ్డి అనుకొనేవారున్నారు. దాని వాసన వేరే సంగతి. అది మేతగా పెంచవలసినది కాదు.

చివరగా ఎలుకల మందు మాట. ఎలుక మీది కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకొన్నట్లు కాకూడదు. బ్రోమాడయోలోన్ వంటి మందు తిన్న ఎలుక అప్పటికప్పుడు చావదు. కొన్ని రోజులపాటు లోపల రక్తం కారుతూ నీరసించి తిరుగుతుంది. పరుగెత్తలేని ఆ ఎలుకే పిల్లికి సులువుగా దొరుకుతుంది. దాని కాలేయంలో ఉన్న మందు పిల్లికి ఎక్కుతుంది. దీనికి విటమిన్ కె-1 అనే విరుగుడు ఉన్నది, వేళకు డాక్టరు దగ్గరికి చేరితే బ్రతికించవచ్చు. నల్లని పొడిగా ఉండే జింక్ ఫాస్ఫైడుకు అటువంటి విరుగుడు లేదు. ఊరంతా కలిసి ఎలుకల మందు పెట్టేటప్పుడు మందును బొరియ లోపలనే వేసి మూయండి. చచ్చిన ఎలుకలను రెండు వారాలపాటు రోజూ ఏరి లోతుగా పాతిపెట్టండి. వీలయినంతవరకు పిల్లిని ఇంట్లోనే ఉంచి, తిండితోపాటు గడ్డి బాన కూడా లోపల పెట్టండి. గడ్డి కోసమని తలుపు దగ్గర అరిచే పని దానికి ఉండదు.

ఊళ్ళ వెంట తిరిగి సలహాలు చెప్పే విస్తరణ కార్యకర్తలకు నా మనవి ఒకటి. రైతుకు కలుపు మందు గాని, ఎలుకల మందు గాని చెప్పేటప్పుడు, 'పిల్లలున్నారా? పశువులున్నాయా?' అని అడుగుతారు. దానితోపాటు 'పిల్లి ఉన్నదా? అది ఎక్కడ గడ్డి తింటుంది?' అని కూడా అడగండి. రైతు నవ్వవచ్చు. నవ్వుతూనే దడి వార ఒకసారి చూసుకొంటాడు. ఇంటి చుట్టూ పది గజాల మేర కలుపును కొడవలితోనే కోసుకోమని చెప్పండి. పంచాయతీ ఆఫీసు దగ్గరనో బడి ఆవరణలోనో ఒక బానలో గోధుమ గడ్డి వేసి చూపితే, మాటలకంటె అది బాగా పనిచేస్తుంది. పిల్లలు చూసి తమ ఇళ్ళలో తామే వేస్తారు.

మా ఇంట ఇప్పుడు మళ్ళీ పిల్లి ఉన్నది. దడి వార మందు పంపు మోగడం లేదు. కొడవలే. వసారా చివర రెండు బానలున్నాయి, ఒకదానిలో గడ్డి, ఒకదానిలో మొలక. వారం వారం వాటికి అయ్యే ఖర్చు కంటె నాకు ఒక పూట కాఫీ ఖర్చే ఎక్కువ. మీరూ ఈ రాత్రికే పిడికెడు గోధుమలు నానవేసి చూడండి.